పిలువని చుట్టము

మార్కుల పట్టికలు వ్రాయుటకై మావారు తెచ్చిన క్రొత్త ల్యాప్‌టాపు వారము తిరుగకమునుపే పని నడుమ తనంతట తానే ఆరిపోవ నారంభించెను. ఒకనాడు మూడు గంటల శ్రమ నీటిపాలయ్యెను. యంత్రమే చెడినదని వారు విసిగిరి. నాకు నమ్మిక కలుగలేదు.

కంట్రోలు, షిఫ్టు, ఎస్కేపు మీటల నొక్కసారిగా నొక్కి, టాస్క్ మేనేజరులోని స్టార్టప్ జాబితా చూచితిని. మేమెరుగని పేర్లు డజను! అందు విక్రేతలు ముందే యుంచిన గడువు యాంటీవైరస్ ఒకటి. మేము కొన్నది వేరొకటి. ఒక్క వాకిట నిద్దరు కావలివాండ్రు ప్రతి ఫైలును చెరియొక ప్రక్క పట్టి లాగుచుండిరి.

ముందు మార్కులను పెన్‌డ్రైవున దాచి, సెట్టింగులలోని యాప్స్ నుండి ఆ పిలువని చుట్టమును తొలగించి, యంత్రమును మరల నారంభించితిని. ఆటలను డిజేబుల్ చేసితిని. ధ్వని, టచ్‌ప్యాడుల పేరున్నవానిని ముట్టుకొనలేదు. అవి యంత్రమునకు కావలసినవి. నెల గడచినది. మావారిప్పుడు రెండవ పరీక్ష మార్కులు వ్రాసికొనుచున్నారు.