కటకటాల వెనుక కొలువు

మద్యమును త్రాగువారిని గూర్చియు, త్రాగించి ధనవంతులైనవారిని గూర్చియు, ఆ రాబడితో బొక్కసము నింపుకొను ప్రభుత్వములను గూర్చియు మన పత్రికలలో వ్రాతలకు కొదువ లేదు. 1990ల ఆరంభమున నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిన నాటినుండి, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చి 1997లో తొలగిన నాటివరకును, ఆ తరువాతను, ఈ చర్చ మన రాజకీయములలో ఎన్నడును చల్లారలేదు. ఇంతటి చర్చలోను, త్రాగువానికిని లాభము నార్జించువానికిని నడుమ, ఇనుప గ్రిల్లు వెనుక ప్రొద్దుటినుండి రాత్రివరకు నిలుచుండు మనుష్యుని ప్రసక్తి మాత్రము రాదు. నేను మద్యమును సమర్థించువాడను కాను. దూబగుంట స్త్రీల పక్షమే నా పక్షము. అయినను వైన్ షాపు కౌంటరులో పనిచేయు సేల్స్‌మన్ పక్షమున ఎవరో ఒకరు నోరు విప్పవలసియున్నదని నా దృఢవిశ్వాసము.

వాని దినచర్య ఎట్టిదో మొదట చెప్పెదను. ఉభయ తెలుగు రాష్ట్రములలోను దుకాణము సాధారణముగా ఉదయము 10 గంటలకు తెరచి రాత్రి 10 గంటలకు మూయుదురు; హైదరాబాదు నగరములో మరియొక గంట అధికము. షట్టరు లేచుటకు ముందే అరుగుమీద నలుగురైదుగురు వేచియుందురు. డిపోనుండి సరకు వచ్చిన దినమున కేసులు దింపుట, ఒక్కొక్క కేసులోని 48 క్వార్టర్లో, 24 హాఫ్‌లో, 12 ఫుల్ సీసాలో లెక్కకు సరిపోయినవో లేదో చూచుట, పగిలినవానిని వేరుపరచుట, బీరు కేసులను ఫ్రిజ్జులకు చేరవేయుట, ఇవన్నియు కౌంటరుముందు గుంపు తరుగకుండగనే జరుగవలెను. రాత్రి షట్టరు దించిన పిమ్మట కొలువు ముగిసినదనుకొందుమేమో, కాదు; మిగిలిన సీసాలు, గల్లాపెట్టెలోని నోట్లు, ఫోనులోని యూపీఐ జమలు, మూడును సరిపోవువరకు ఇల్లు చేరుటకు వీలులేదు. తక్కువపడినది జీతములో కోత పడును. చేయిజారి పగిలిన సీసా వెలయును అంతే. సంక్రాంతి, దసరా, డిసెంబరు 31 అందఱకును వేడుకలు. వానికి అవియే ఊపిరాడని దినములు. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2, ఎన్నికల వేళ పోలింగు ముగియుటకు ముందటి 48 గంటలు, ఇట్టి మూసివేత దినములలోనే వానికి కొంత విశ్రాంతి లభించును.

శరీరశ్రమకంటె కౌంటరుముందు మనస్సునకు కలుగు కష్టము పెద్దది. ఎంత వయసువాడైనను వానిని మన్నించి పిలుచువారు అరుదు. అడిగిన బ్రాండు లేకున్నను, బీరు చల్లబడకున్నను, ధర పెరిగినను తిట్టు వానికే. యజమాని ఆజ్ఞపై ఎమ్మార్పీకంటె పది రూపాయలు అధికముగా తీసికొన్న చోట, ఆ పది యజమానికి పోవును, దూషణ సేల్స్‌మన్‌కు మిగులును. 2020 మే 4న ఆంధ్రప్రదేశ్‌లోను, 6న తెలంగాణలోను, మహమ్మారి నడుమనే దుకాణములు తెరచినప్పుడు, మనమందఱము తలుపులు వేసికొని కూర్చుండగా, కిలోమీటర్ల కొలది వరుసల కెదురుగా నిలిచినవాడు వాడే. ఆంధ్రప్రదేశ్‌లో రెండు దఫాలుగా కలిపి 75 శాతము ధర పెరిగినందుకు కోపోద్రిక్తులైనవారికి సమాధానము చెప్పినవాడును వాడే.

ఇంతకును మించినది మరియొకటి కలదు. ఉదయమే వణకుచున్న చేతితో నోటు చాచువానిని, ఆ వణకు నెలనెలకు ఎట్లు ముదురుచున్నదో, వైద్యునికంటె ముందుగా గుర్తించువాడు కౌంటరులోని మనుష్యుడే. గుర్తించియు ఇవ్వక తప్పదు. ఒక్కొక్కప్పుడు ఆ త్రాగువాని భార్య చంకలో బిడ్డతో గ్రిల్లు దగ్గఱకు వచ్చి, "అన్నా, మా ఆయనకు ఇయ్యకన్నా, ఇంట్లో బియ్యం లేవు" అని వేడుకొనును. "నేను ఇయ్యకుంటే ఇంకో షాపుల తెచ్చుకుంటడమ్మా" అని వాడు చెప్పు సమాధానము సత్యమే. సత్యమగుటచేతనే అది వానిని నిద్రపోనీయదు. 21 ఏండ్లు నిండనివారికి అమ్మరాదని చట్టము. వయసెంతయని అడిగినంత మాత్రమున కుఱ్ఱవాండ్రు కలహమునకు దిగుదురు. అడుగకుండ ఇచ్చినచో నేరము వాని నెత్తిన పడును. ఇట్టి ధర్మసంకటములు దినమునకు ఎన్నిమాఱులు వచ్చునో, వచ్చినప్పుడు వానికి అండ ఎవరో ఆలోచింపుడు.

అండ లేదు. ఈ కొలువున వానికి దక్కు ప్రభుత్వపత్రము ఒక్కటే, ఎక్సైజు శాఖ యిచ్చు నౌకరునామా. ఫలానా లైసెన్సుదారు పక్షమున ఫలానా మనుష్యుడు అమ్మకము చేయవచ్చునని దాని తాత్పర్యము. దుకాణములో తప్పు జరిగినప్పుడు నిందితుని గుర్తించుటకు అది చక్కగా ఉపకరించును. యజమానితోబాటు అతని పక్షమున పనిచేయువానికిని ఎక్సైజు చట్టము శిక్ష విధించుచున్నది. రాత్రివేళ కేసులకు కేసులు అనుమతిలేని బెల్టు షాపులకు తరలించుమని ఆజ్ఞాపించునది ఒకరు, దాడి జరిగిన దినమున పట్టుబడునది వేరొకరు. ఆ నౌకరునామా జీతమెంతో చెప్పదు, సెలవు సంగతి చెప్పదు. బాధ్యతకు కాగితము కలదు, హక్కునకు కాగితము లేదు. ఇది అన్యాయమని నేను నిస్సంకోచముగా చెప్పుచున్నాను.

1988 నాటి దుకాణముల, సంస్థల చట్టము ప్రకారము పనివానిచేత వారమునకు 48 గంటలకు మించి మామూలుగా పనిచేయించరాదు. వారమున ఒక దినము సెలవీయవలెను. దినమునకు 12 గంటలు, వారమునకు ఏడు దినములు తెరచియుండు దుకాణము 84 గంటలు నడచును. ఒక్క జట్టుతో అన్ని గంటలును నడపించిన ప్రతి దుకాణమును చట్టమును అతిక్రమించుచున్నట్లే కదా!

ప్రభుత్వమే యజమానియైనచో మేలగునని తలచువారికి మన అనుభవమే సమాధానము. 2019 అక్టోబరు 1న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దుకాణములను తానే స్వీకరించి, చదువుకొన్న యువకులను సూపర్‌వైజర్లుగా, సేల్స్‌మన్‌లుగా ఒప్పంద పద్ధతిన నియమించెను. 2024 అక్టోబరు 16న 3,396 ప్రైవేటు దుకాణములు తెరచుకొనగనే వారి కొలువులు పోయినవి. ఐదేండ్లు సర్కారు గల్లాపెట్టె కాచినవారికి మరియొక చోటు చూపవలెనను బాధ్యతను ప్రభుత్వము వహింపలేదు. తమిళనాడులో 2003 నుండి చిల్లర అమ్మకము ప్రభుత్వసంస్థయైన టాస్మాక్‌దే. అచ్చటను ఉద్యోగులు స్థిరత్వముకొఱకు ఏండ్ల తరబడి పోరాడుచునే యున్నారు.

ఆంధ్రప్రదేశ్‌లో ఆ ప్రైవేటు దుకాణముల లైసెన్సులకై 2024లో తీసిన లాటరీకి దాదాపు 90 వేల దరఖాస్తులు వచ్చినవి. ఒక్కొక్క దరఖాస్తునకు తిరిగిరాని రుసుము 2 లక్షల రూపాయలు. తెలంగాణలో 2,620 దుకాణములకు 2025లో ఆ రుసుము 3 లక్షలైనది. దరఖాస్తుల వలననే వేల కోట్లు గడించిన ప్రభుత్వములకు, లైసెన్సు నిబంధనలలో పనివానిని గూర్చి నాలుగు పంక్తులు చేర్చుట భారమైన పని కాదు. రెండేండ్ల లైసెన్సు గడువు ముగిసి యజమాని మారినప్పుడు పాత పనివానికి మొదటి అవకాశమీయవలెను. కౌంటరులో కూర్చుండుటకు ఆసనముండవలెను. కేరళము 2018లో, తమిళనాడు 2021లో దుకాణముల పనివారికి ఈ హక్కును శాసనముగా చేసినవి, మనము చేయలేదు. పగిలిన సీసా వెల జీతములోనుండి కోయరాదు.

ఎక్సైజు మంత్రులకు, కమిషనర్లకు నా విన్నపమొక్కటే. రాబోవు లైసెన్సు కాలమునుండి, నౌకరునామా కోరు ప్రతి యజమానియు నియామకపత్రమును, బ్యాంకు ద్వారా జీతము చెల్లించు ఏర్పాటును, రెండు జట్ల పట్టికను దరఖాస్తుకు జతపరచవలెనని ఉత్తర్వు వెలువరింపుడు. అవి లేనిచో నౌకరునామాను నిరాకరింపుడు.