నవలకు జ్ఞానస్నానం

నవలను కాథలిక్ దృష్టితో చదవాలనీ, పాపం, పశ్చాత్తాపం, దైవానుగ్రహం అనే మెట్లు ఎక్కితేగాని గ్రేహం గ్రీన్ వంటి రచయిత అందడనీ ఒక వాదం ఉన్నది. గ్రీన్ కాథలిక్ గనుక అతని నవలలతో మనకు పని లేదని మన మిత్రులు కొందరి వాదం. ఒకరు నవలకు జ్ఞానస్నానం చేయిస్తారు; మరొకరు జ్ఞానస్నానం పొందిన పుస్తకమని దాన్ని ముట్టుకోరు. పైకి బద్ధవిరోధులైన ఈ ఇద్దరూ కలిసి నవలను చర్చికి దఖలు పరుస్తున్నారని నా అభియోగం.

'ది పవర్ అండ్ ది గ్లోరీ'నే తీసుకుందాం. 1938లో మెక్సికో వెళ్లి చూసివచ్చి, 1940లో గ్రీన్ ప్రకటించిన నవల ఇది. చర్చిలను మూయించి, మతగురువులను తరిమిన టబాస్కో రాష్ట్రం దీనికి ఆధారం. తాగుబోతు, ఒక బిడ్డకు తండ్రి అయిన గురువు దాక్కుంటూ తిరుగుతాడు. ఒక లెఫ్టినెంటు అతణ్ణి వేటాడుతాడు. తప్పించుకోగలిగి కూడా, చావబోతున్న ఒక హంతకుడి పాపసంకీర్తనం వినడానికి, అది ఉచ్చని తెలిసే గురువు వెనక్కి వస్తాడు. పట్టుబడి తుపాకికి బలి అవుతాడు.

అనుగ్రహం గెలిచిందని కాథలిక్ విమర్శకుడు ఇక్కడ తృప్తి పడతాడు. మరి లెఫ్టినెంటు మాటేమిటి? పేదరికంలో పెరిగి, ఆ బాధ రేపటి పిల్లలకు ఉండకూడదని కోరిన మనిషి అతడు. జైలునుంచి వదిలేటప్పుడు, ఎవరో తెలియక, ఆ గురువు చేతిలోనే అయిదు పేసోలు పెడతాడు. ఆ మనిషే గురువును పట్టివ్వలేదని పల్లెల నుంచి బందీలను తీసుకుపోయి కాల్పిస్తాడు. జనం మేలు కోరినవాడు జనాన్ని నమ్మకపోతే ఏమవుతుందో చూపే ఈ పాత్రను అందరికన్న ముందు చదవవలసింది మనం కాదా?

గ్రీన్‌ను నెత్తిన పెట్టుకోమని నేననడం లేదు. అతని రైతులు భక్తులుగానో, భయస్తులుగానో కనబడతారు. భూమి కోసం నోరు విప్పే రైతు కనబడడు. ఆకలి అతని చేతిలో ఆత్మకు పరీక్షగా మారిపోతుంది. కాథలిక్ విమర్శ ఈ లోపాన్నే గుణమంటుంది. మనం తగువు పెట్టుకోవలసిన చోటు అది. పుస్తకమే తెరవనివాడు ఏమని తగువు పెట్టుకుంటాడు?

పోనీ, చర్చికైనా ఈ నవల మింగుడు పడిందా? 1953లో రోములోని 'హోలీ ఆఫీసు' దీన్ని తప్పుబట్టి సవరించమన్నది, గ్రీన్ సవరించలేదు. అంతకు ముందు బాల్జాక్ గతీ ఇదే. మతం, రాచరికం అనే రెండు సత్యాల వెలుగులో రాస్తున్నానని 1842లో చాటుకున్న ఆ రచయిత నవలలను రోము తన నిషిద్ధ గ్రంథాల జాబితాకెక్కించింది. ఆ కాలపు వృత్తి చరిత్రకారులూ, ఆర్థికవేత్తలూ అందరూ కలిసి నేర్పినదానికన్న ఎక్కువ ఆ బాల్జాక్ దగ్గరే నేర్చుకున్నానని 1888లో ఎంగెల్స్ రాశాడు. బాల్జాక్ మతాన్ని ఎంగెల్స్ ఎరగక కాదు. ఆ మతం మూయలేకపోయిన కళ్లను అతడు చూశాడు.

రచయిత ఎక్కడ మోకరిల్లాడో చూసి నవల విలువ కట్టేవాడు విమర్శకుడు కాడు, జాబితా రాసే గుమాస్తా. రోము ఆ జాబితాను 1966లో రద్దు చేసింది. మన అధ్యయన తరగతుల్లో దానికి కొత్త కాగితం తెరవనక్కరలేదు.