డ్రోన్ నష్టానికి న్యాయమైన లెక్క కావాలి

సంక్రాంతికి వరంగల్ కాశిబుగ్గ డాబాల మీద పతంగులతో పాటు డ్రోన్లూ లేస్తున్నాయి. మాంజా రెక్కకు చుట్టుకుందంటే డ్రోన్ నేల కూలుతుంది. కెమెరాను నిలకడగా ఉంచే గింబల్ విరుగుతుంది, కెమెరా పగులుతుంది. పాలసీ ఉంది కదా అన్న ధీమాతో క్లెయిము పెట్టిన యువకుడికి అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

చట్టం ఈ విషయంలో సగం పనే చేసింది. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నిబంధనలు ఇతరులకు కలిగే నష్టానికి థర్డ్ పార్టీ బీమా ఉండాలన్నాయి. ఇందుకు 1988 నాటి మోటారు వాహనాల చట్టాన్నే వర్తింపజేశాయి. 250 గ్రాములు మించని నానో డ్రోన్లకు మినహాయింపు ఇచ్చాయి. యజమాని సొంత డ్రోన్ పగిలితే ఏమిటన్నది పాలసీ పత్రానికే వదిలేశాయి.

ఆ పత్రంలోని షరతుల దగ్గరే క్లెయిములు చిక్కుకుంటాయి. డ్రోన్‌కు రిజిస్ట్రేషన్ ఉందా, కేంద్రం అనుమతి లేకుండా ఎగరరాని రెడ్ జోన్‌లో ఎగిరిందా, 400 అడుగులు దాటిందా అని చూస్తారు. సరదాకు తీసుకున్న పాలసీతో తెలిసినవాళ్ల పెళ్లి చిత్రీకరించి డబ్బు పుచ్చుకుంటే అది వ్యాపార వినియోగమే. విదేశీ డ్రోన్ల దిగుమతిని కొద్దిపాటి మినహాయింపులతో 2022 ఫిబ్రవరిలో నిషేధించారు. దొడ్డిదారిన వచ్చిన డ్రోన్ కొన్నవారికి చూపడానికి సరైన బిల్లే ఉండదు. వరంగల్ వాళ్లు మామునూరునూ గమనించాలి. అక్కడ విమానాశ్రయం పనిచేయడం మొదలుపెడితే, దాని ప్రహరీ నుంచి 8–12 కిలోమీటర్ల మధ్య అనుమతి లేకుండా ఎగరగలిగే ఎత్తు 200 అడుగులకు తగ్గుతుంది.

షరతులు ఉండాల్సిందే. జనం తలల మీద ఎగిరే యంత్రానికి అదుపు లేకపోతే ఎలా? కానీ డ్రోన్ కూలడానికి కారణం మాంజా అయినప్పుడు, దానితో సంబంధం లేని లోపం చూపి పైసా ఇవ్వమనడం అన్యాయం. మోటారు బీమాలో ఈ చర్చ ఎప్పుడో జరిగింది. సొంత వాడకానికి బీమా చేసిన కారును అద్దెకు తిప్పిన అమలేందు సాహూ కేసులో, షరతు ఉల్లంఘించినా క్లెయిమును మొత్తంగా తోసిపుచ్చరాదని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. కొంత కోత పెట్టి మిగతాది చెల్లించే నాన్ స్టాండర్డ్ పద్ధతిని ఆమోదించింది. థర్డ్ పార్టీ బాధ్యతకు మోటారు చట్టాన్ని అరువు తెచ్చుకున్నప్పుడు, సొంత నష్టానికి ఈ న్యాయాన్ని ఎందుకు తెచ్చుకోకూడదు? హైదరాబాద్‌లోనే ప్రధాన కార్యాలయమున్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ డ్రోన్ పాలసీల్లో ఈ మాట స్పష్టంగా రాయించాలి. ఫ్లైట్ లాగ్ చదవగల సర్వేయర్లనూ తయారుచేయించాలి. ఏ ఎత్తులో, ఏ చోట, ఏ క్షణాన కూలిందో చెప్పేది ఆ లాగే.

అందాకా యజమాని చేయగలిగింది కొంత ఉంది. కూలిన చోటే ఫొటోలు తీయాలి. లాగ్‌ను వెంటనే భద్రపరచాలి. సర్వేయర్ చూడకముందు రిపేరుకు ఇవ్వకూడదు. కంపెనీకి అదే రోజు తెలపాలి. ఒకవేళ ఆలస్యమైనా, సరైన కారణముంటే ఆ ఒక్క సాకుతో క్లెయిము తిరస్కరించరాదని 2017లో ఓంప్రకాశ్ అనే వాహన యజమాని కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. 2024 జూన్ నాటి ఐఆర్‌డీఏఐ సర్క్యులర్ ప్రకారం, సర్వే నివేదిక అందిన 7 రోజుల్లో కంపెనీ నిర్ణయం చెప్పాలి. తిరస్కరిస్తే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెలలో జవాబు రాకున్నా, వచ్చినది తృప్తినివ్వకున్నా, ఏడాదిలోపు హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. అక్కడ రుసుము లేదు, వకీలు అక్కర్లేదు.