చెరువు చూడని ఆప్తుడు

సంధులూ సమాసాలూ చర్చించుకునే చోట చేపల ప్రసక్తి ఏమిటని మీలో కొందరు నొసలు ముడవవచ్చును. గాలం వేయడం నాకు వృత్తీ కాదు, వ్యసనమూ కాదు. అయినా డాలస్ పరిసరాలలో మా అబ్బాయి ఇంట గడుపుతున్న ఈ కొద్ది నెలలలో, ఇక్కడి తెలుగు కుర్రవాళ్ళు శనివారం పూట చేపల వేటకు బయలుదేరే తీరు చూశాను. రెండు మూడుమార్లు వారి వెంట వెళ్ళాను కూడా. చూచిన పిమ్మట ఒక వాదం లేవదీయక తప్పదనిపించింది.

నా వాదం ఇది. బాస్ చేపల వేటకు ప్రణాళిక వేసే పనిని కృత్రిమ మేధ చేతిలో పెట్టడం తప్పు. ఏ వస్తువులు సర్దుకోవాలి, ఎన్ని గంటలకు బయలుదేరాలి వంటి లెక్కలకు దానిని వాడుకోండి, నాకు పేచీ లేదు. చేప ఎక్కడ ఉన్నది, దేనిని ఉంచుకోవచ్చును, దేనిని వదలాలి, పడవ ఏ నీటిలో నడపవచ్చును అన్న విషయాలలో మాత్రం తీర్పు చెప్పే అధికారం దానికి లేదు.

బాస్ అంటే తెలియని మిత్రుల కోసం నాలుగు మాటలు. ఇక్కడ ఎక్కువమంది వెంటపడేది పెద్దనోటి బాస్ కోసం. ఆకుపచ్చని ఒళ్ళు, పక్కన తల నుండి తోక దాకా నల్లని చార, నోరు తెరిస్తే దవడ కంటిని దాటి పోతుంది. మన కొర్రమీను వలె ఇది మాటు వేసి వేటాడే చేప. కొర్రమీను వలెనే పిల్లలను కాపాడుకుంటుంది కూడా, కాకపోతే ఇక్కడ ఆ కాపలా మగచేపది. తినడానికి పట్టేవారికంటె పట్టి, తూచి, ఛాయాచిత్రం తీసుకుని, మళ్ళీ నీటిలో వదిలేవారే ఎక్కువ. డాలస్‌కు తూర్పున ఉన్న లేక్ ఫోర్క్ ఈ వేటకు పేరుమోసిన క్షేత్రం. సబీన్ నదికి ఉపనది అయిన లేక్ ఫోర్క్ క్రీక్ మీద ఆనకట్ట కట్టగా 1980లో ఏర్పడిన జలాశయం అది. విస్తీర్ణం 27 వేల ఎకరాల పైమాట. మునిగిన అడవిలో చాలాభాగం కొట్టకుండా అట్లాగే ఉంచారు. ఆ మోడుల నీడలే బాస్ చేపకు ఇల్లు.

న్యాయంగా వాదించాలంటే ముందు పూర్వపక్షాన్ని దాని పూర్తి బలంతో చెప్పాలి. కుర్రవాళ్ళ మాట ఇది: "అంకుల్, మాకిక్కడ గాలం నేర్పే తాతగారు లేరు. వారానికి ఐదు రోజులు ఉద్యోగం, మిగిలింది ఒక్క శనివారం. పడవతో సహా దారి చూపే గైడును పెట్టుకుంటే వందల డాలర్లు. దీనిని అడిగితే అర నిమిషంలో పడవ ఏ రేవులో దించాలో, ఏ రంగు ఎర కట్టాలో, ఎన్ని అడుగుల లోతున వేయాలో చెప్పేస్తుంది. వాతావరణం కూడా చూసి చెబుతుంది. పెద్దలను అడగడానికీ దీనికీ తేడా ఏమిటి?"

ఇందులో నిజం లేకపోలేదు. యంత్రం చెప్పేదానిలో చాలావరకు సరిగానే ఉంటుందనీ ఒప్పుకుంటాను. కాని ఆ చివరి ప్రశ్న ఉన్నదే, పెద్దలను అడగడానికీ దీనికీ తేడా ఏమిటన్నది, దానికి మన పూర్వులు ఏనాడో సమాధానం చెప్పి ఉంచారు.

నైయాయికులు జ్ఞానానికి నాలుగు ప్రమాణాలను అంగీకరించారు: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. వీటిలో శబ్దమంటే ఒకరు చెప్పగా తెలుసుకోవడం. అయితే ఎవరు పడితే వారు చెప్పిన మాట ప్రమాణం కాదు. చెప్పేవాడు ఆప్తుడై ఉండాలి. ఆప్తుడంటే మనవాడని కాదు అర్థం. విషయాన్ని తాను సాక్షాత్తుగా ఎరిగినవాడు, ఎరిగినదానిని ఉన్నదున్నట్లు చెప్పేవాడు. ఆప్తుడు పండితుడే కానక్కరలేదు. చేపల సంగతిలో పల్లెకారు ఆప్తుడు, పాము సంగతిలో పాములవాడు ఆప్తుడు. వాడి మాటతీరు మొరటుగా ఉండవచ్చును, మాట వెనుక అనుభవం ఉన్నదా లేదా అన్నదే ప్రశ్న.

ఈ గీటురాయి మీద యంత్రాన్ని గీసి చూడండి. అది లేక్ ఫోర్క్ గట్టున నిలబడలేదు. నీటిలో చేయి పెట్టి చల్లదనం చూడలేదు. దానికి తెలిసినదల్లా మనుషులు వ్రాసిన మాటల తర్వాత ఏ మాటలు వస్తుంటాయి అన్న లెక్క. ఆ లెక్క అద్భుతమైనదే. కాని మాటల పొందికను ఎరగడం వేరు, నీటిని ఎరగడం వేరు. వాక్యం ఎంత నిర్దుష్టంగా ఉన్నా వాక్యశుద్ధి వస్తుశుద్ధి కాదు. ముప్పై ఏళ్ళు పరీక్షాపత్రాలు దిద్దినవాడిగా ఒకటి చెప్పగలను. పాఠం చదవని తెలివైన పిల్లవాడు వ్రాసే జవాబుకు ఒక లక్షణం ఉంటుంది: ఎక్కడా తడబాటు ఉండదు, ఎక్కడా ప్రత్యేకమైన వివరమూ ఉండదు.

ఇంకొక చిక్కు. యంత్రం చదివినది వ్రాసిన మాటలనే గదా? చేపల వేట గురించి ఎవరు వ్రాస్తారు? ఎరలు అమ్మేవారు వ్రాస్తారు, వసతిగృహాలవారు వ్రాస్తారు, పర్యాటకులను పిలిచేవారు వ్రాస్తారు. నిజంగా తెలిసిన వేటగాడు తన చోటును కన్నబిడ్డకు చెప్పడానికే వెనుకాడతాడు, లోకానికి చాటుతాడా? చెప్పినా ఆ చోటు సంగతి పాతబడిన తర్వాత చెబుతాడు. అందుచేత వ్రాతలోకి ఎక్కినదానిలో అమ్మకానికి పెట్టినదీ, కాలం చెల్లినదీ ఎక్కువ. దానిని వేయిసార్లు వడగట్టినా వ్రాయని విషయం అందులో నుండి దిగదు. పైగా ఒకే ప్రశ్నకు పదిమందికి ఇంచుమించు ఒకే జవాబు వస్తుంది. పది పడవలూ ఒకే మూలకు చేరతాయి. అప్పటికి ఆ మూలలో చేప ఉంటే ఆశ్చర్యపడాలి.

సామాన్యానికీ విశేషానికీ ఉన్న దూరం కూడా చూడండి. నీటి వేడిమి సుమారు 60 ఫారెన్‌హీట్ డిగ్రీలు, అంటే 15, 16 సెల్సియస్ డిగ్రీలు దాటుతుంటే బాస్ చేపలు గుడ్లు పెట్టడానికి ఒడ్డు దగ్గరి లోతులేని నీటికి వస్తాయి. ఎండాకాలంలో పొద్దెక్కిన కొద్దీ నీడకూ లోతుకూ పోతాయి. చలి మొదలయ్యే వేళకు షాడ్ అనే చిన్న చేపల గుంపులు వాగుల మూతులలోకి చేరితే వాటి వెంట ఇవీ చేరతాయి. ఇదంతా సామాన్యం. పుస్తకంలో ఉన్నది, యంత్రమూ చెబుతుంది. కాని ఈ శనివారం, నిన్న రాత్రి ఉత్తరపు గాలి కొట్టిన తర్వాత, నీరు ఎంత దిగింది? ఎండ ముందుగా తగిలే వాయవ్యపు మూల వెచ్చబడిందా? ఏ గట్టువైపు గాలి షాడ్‌లను తోస్తున్నది? వేటంటే ఈ విశేషమే. దీనికి ప్రత్యక్షం కావాలి, ప్రత్యక్షాన్ని పట్టుకుని చేసే అనుమానం కావాలి.

నియమాల విషయానికి వస్తే పొరపాటు ఖరీదు పెరుగుతుంది. టెక్సాస్‌లో బాస్‌కు సామాన్య నియమం 14 అంగుళాలకు తక్కువైతే వదలాలి, రోజుకు ఐదుకు మించరాదు అని. లేక్ ఫోర్క్‌లో అట్లా కాదు. అక్కడ 16 నుండి 24 అంగుళాల మధ్య ఉన్న బాస్‌ను ఉంచుకోరాదు, 24 దాటినది రోజుకు ఒకటే. నడివయసు చేప బ్రతికితేనే పెద్దచేప అవుతుందన్నది దీని వెనుక ఆలోచన. నేను చూచిన ఒక ప్రణాళికలో, ఏ యంత్రమో పేరెందుకు గాని, 14 అంగుళాల నియమాన్నే ఫోర్క్‌కు అంటగట్టి చక్కగా చుక్కలు పెట్టి వ్రాసి ఉన్నది. రేవు పక్కన ఎరల కొట్టు నడిపే ముసలాయన చెప్పకపోతే ఆ కుర్రవాడు ఒక పదిహేడు అంగుళాల చేపను ఇంటికి తెచ్చి ఉండేవాడు, దానితో జరిమానాను కూడా.

ఇదే చేపను తీసుకుని సముద్రం దాటి చూడండి. జపాన్‌లో బాస్ స్వదేశీ చేప కాదు. 1925లో అషి సరస్సుకు తెచ్చి వదిలారు. తర్వాత అది అంతటా పాకి అక్కడి చేపలను తినివేయసాగింది. బివా సరస్సున్న షిగా రాష్ట్రం పట్టిన బాస్‌ను మళ్ళీ నీటిలో వదలరాదని 2003 నుండి నిషేధించింది. ఫోర్క్‌లో వదలకపోతే నేరం, బివాలో వదిలితే నేరం. చేప ఒకటే. ధర్మాన్ని దేశకాలాలనుబట్టి నిర్ణయించాలని మనవాళ్ళు చెప్పినది ఇందుకే. సగటు తీసి ధర్మం చెప్పడం కుదరదు.

ప్రాణం సంగతి కూడా ఉన్నది. ఫోర్క్‌లో నీటి అంచుకు కొంచెం దిగువన మోడులు దాగి ఉంటాయి. పడవలు వేగంగా పోవడానికి గుర్తులు పెట్టిన దారులున్నాయి, వాటిని వదిలితే నెమ్మదిగా పోవాలి. కాగితం మీద ఒక చోటినుండి మరొక చోటికి గీత గీయడం తేలిక. ఆ గీత కింద చెట్టు ఉన్నదో లేదో గీసినవాడికి తెలియాలి గదా!

ఇక ప్రణాళిక మహిమ. 1932 జూన్ 2న జార్జియా రాష్ట్రంలో జార్జి పెరీ అనే పేద రైతు యువకుడు, వాన పడి పొలం పనికి వీలులేక, మిత్రునితో మాంట్‌గొమరీ లేక్‌కు పోయాడు. 22 పౌన్ల 4 ఔన్సుల బాస్ పడింది, మన లెక్కలో పది కిలోల పైన. ఇంటికి తీసుకుపోతే ఇంటిల్లిపాదీ తిన్నారు. అదే ప్రపంచ రికార్డయింది. 2009లో బివా సరస్సులో మనాబు కురిటాకు పడిన చేప దానితో సమానమయింది తప్ప నేటికీ దానిని దాటినది లేదు. టెక్సాస్ రికార్డు కథ ఇంకా చిత్రం. 1992 జనవరిలో బారీ సెయింట్ క్లెయిర్‌కు లేక్ ఫోర్క్‌లోనే 18.18 పౌన్ల బాస్ దొరికింది. ఆయన ఆనాడు వేటాడుతున్నది బాస్‌ను కానేకాదు, క్రాపీ అనే చిన్నచేపల కోసం చిరుచేపను ఎరగా వేసి కూర్చున్నాడు. ఈ రెండు కథలూ అదృష్టాన్ని నమ్ముకోమని చెప్పడం లేదు. నీటికి మన ప్రణాళికతో నిమిత్తం లేదని మాత్రం చెబుతున్నవి.

"రేపు యంత్రం మెరుగవుతుంది, అప్పుడేమంటారు?" అని అడగవచ్చును. పడవ ముందరి చేపలను తెరమీద కదలుతుండగానే చూపించే సోనార్ పరికరాలు వచ్చాయి. పోటీలలో వాటికి హద్దులు పెట్టాలా అన్న తగవు గట్టిగానే నడిచింది. వాటిమీద నాకు అభ్యంతరం లేదు. కళ్ళజోడు వలె అవి ప్రత్యక్షాన్ని పొడిగించేవి. చూసే పని మనిషిదే, తేల్చుకునే పనీ మనిషిదే. నా అభ్యంతరం చూడకుండా తీర్పు చెప్పేదానితోనే. రేపు యంత్రం నీటి మట్టాన్నీ వేడిమినీ తానే కొలిచి చెబితే ఆ కొలతకు విలువ ఇద్దాం, కొలిచినంత మేరకు.

నన్ను అన్నిటికంటె బాధించినది వేరొకటి. ఆ ఎరల కొట్టు ముసలాయన ఆనాటి తెల్లవారుజామున రేవు దగ్గర నీటిని చూచినవాడు. ముందురోజు ఎవరికి ఏ మూలలో ఏం పడిందో విన్నవాడు. సిసలైన ఆప్తుడు. మనవాళ్ళు ఆయన దగ్గర మంచుగడ్డలు కొన్నారు, డబ్బిచ్చారు, ఆయన ఏదో చెప్పబోతుండగానే చేతిలోని తెర చూసుకుంటూ పోయారు. వెనక్కి పిలిచి అంగుళాల సంగతి చెప్పినవాడు ఆయనే. పదేళ్ళుగా ఈ దేశంలో ఉంటున్నవాళ్ళు, పొరుగు మనిషితో వాతావరణం దాటి మాట్లాడిన సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చును. మాట కలపడానికి చేపకంటె మంచి సాకు ఏముంటుంది? ఉన్న ఆ ఒక్క సాకునూ యంత్రం తీసుకుపోతున్నది. సంకోచం లేకుండా అడగవచ్చునన్నదే దాని ఆకర్షణ అని కుర్రవాళ్ళు అంటున్నారు. నాయనలారా, ఆ సంకోచాన్ని దాటడమే పరదేశంలో బ్రతకడం నేర్చుకోవడం.

కనుక నా సిద్ధాంతం. నియమాలను టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖవారి ప్రకటనలో స్వయంగా చదవండి. గట్టుమీద పది నిమిషాలు ఊరక నిలబడి గాలినీ నీటినీ పక్షులనూ చూడండి. కొట్టువాడిని అడగండి, పక్కన గాలం వేసినవాడిని అడగండి. ఒక చిన్న పుస్తకం పెట్టుకుని తేదీ, నీటి వేడిమి, గాలి, ఎర, ఫలితం వ్రాసుకోండి. రెండేళ్ళలో ఆ పుస్తకం మీకు ఏ యంత్రమూ చెప్పలేనిది చెబుతుంది. యంత్రాన్ని అడగాలనిపిస్తే, కొట్టువాడిని ఏమేమి ప్రశ్నలు వేయాలో అడగండి.

ప్లాస్టిక్ వానపామును చూసి నిజమైనదనుకుని నోరు తెరవడం బాస్ చేపకు సహజం. దానికి న్యాయశాస్త్రం తెలియదు. తెలిసిన మనం కూడా మెరిసే ప్రతి వాక్యానికీ నోరు తెరిస్తే గాలానికి ఏ కొసన ఉన్నట్లు? ప్రతివాదం చేయదలచిన మిత్రులు నిస్సంకోచంగా చేయండి. ఒక్కటే నియమం: చెరువు చూచి వచ్చి చేయండి.