నర్సమ్మ అడిగే ప్రశ్న

పిల్లలూ! హైదరాబాదులో మా నల్లకుంటలో ఫీవర్ ఆసుపత్రి ఉన్నది. వాంతులూ విరేచనాలూ పట్టుకున్న పిల్లవాణ్ణి అటువంటి చోటికి తీసుకుపోతే, నర్సమ్మ అడుగుతుంది: "ఒంటికి ఎప్పుడు వెళ్ళావు నాయనా?" పిల్లవాడు సిగ్గుతో తల వంచుకుంటాడు. ఆమె ఎందుకు అడిగిందో తెలుసునా?

వెన్నెముకకు చెరొక పక్క చిక్కుడు గింజ ఆకారంలో మూత్రపిండాలున్నవి. ఒక్కొక్క దానిలో సుమారు 10 లక్షల సన్నని జల్లెడలు! పెద్దవారిలో ఇవి రోజుకు 180 లీటర్ల నీటిని రక్తంనుంచి వడగట్టి, దాదాపు అంతా తిరిగి రక్తానికే అప్పగిస్తాయి. మలినాలతో బయటికి పోయేది సుమారు లీటరున్నరే.

ఒంట్లో నీరు తగ్గితే ఇవి పొదుపు మొదలుపెడతాయి. మూత్రం తగ్గి, ముదురు పసుపు రంగుకు తిరుగుతుంది. నీరు మరీ తగ్గితే, రక్తం చాలక మూత్రపిండాలే దెబ్బతింటాయి. అందుకే నర్సమ్మ మూత్రాన్ని కొలిచి, ఏ గంటకు ఎంత వచ్చిందో, ఏ రంగో వ్రాసిపెడుతుంది. 20 కిలోల పిల్లవాడికి గంటకు 20 మిల్లీలీటర్లు, అనగా నాలుగు చిన్న చెంచాలు, వస్తూంటే ఆమెకు ధైర్యం.

విరేచనాలు పట్టుకుంటే, ఓ.ఆర్.ఎస్. పొడిని ప్యాకెట్ మీద చెప్పినంత నీటిలో కలిపి కొద్దికొద్దిగా తాగండి. ఆరు గంటలైనా ఒంటికి రాకపోతే అమ్మతో చెప్పండి. తల్లులారా, అప్పుడిక తెల్లవారనిమ్మని ఆగక డాక్టరు వద్దకు తీసుకుపొండి. నర్సమ్మ అడిగితే, పిల్లలూ, ఉన్నదున్నట్టు చెప్పండి.