నల్లబీరు పరిమళము - కల్లుకుండ మౌనము

మన నగరమున నల్లబీరు రుచిచూచుట నేడొక విద్యయైనది. 2015లో తెలంగాణ ప్రభుత్వము చిన్న బీరు కర్మాగారములకు నియమము లేర్పరచిన పిమ్మట, వడ్డించు చోటనే బీరు తయారుచేయుట హైదరాబాదున మొదలైనది. దిల్‌సుఖ్‌నగర్ శిక్షణాలయములలో చదివి పశ్చిమ నగరమున కొలువులు సంపాదించిన యువకులు గ్లాసు నెత్తి, వాసన చూచి, గుక్కెడు నాలుకపై నిలిపి, ఇందు వేచిన యవల చేదున్నది, ధనియాలున్నవి, నారింజతొక్క యున్నది, దాల్చినచెక్క యున్నదని పేరుపేరున చెప్పుచున్నారు. ఈ సుగంధద్రవ్యములను మేము పరిహసింపము. ధనియాలు మన వంటింటివే. బెల్జియము వారు వానిని చిరకాలముగ బీరులో వాడుచున్నారు. మా ప్రశ్న వేరు. పాత్రలో నేమున్నదో తెలిసికొను హక్కు ఆ యువకునికే గలదా? ఎల్.బి. నగర్ కూడలిలో ఉదయమున కూలికై నిలిచి, సాయంకాలము కల్లుదుకాణమునకు పోవు శ్రామికునకు లేదా?

ఈ వివాదము క్రొత్తది కాదు. 1516లో బవేరియా ప్రభువులు బీరున యవలు, హాప్సు పువ్వులు, నీరు తప్ప మరేమియు కలుపరాదని శాసించిరి. లండనులో పోర్టరను నల్లబీరు ప్రబలిన దినములలో కొందరు వర్తకులు మాల్టు తగ్గించి, ఆ కొరత తెలియకుండ మన దేశమునుండి పోయిన కాకమారి కాయలను కలిపిరి. చేపలకు మత్తెక్కించి పట్టుటకు వాడు విషఫలమది! నలుపు కొరతను దాచినది. చేదు విషమును దాచినది. 1816లో బ్రిటిషు పార్లమెంటు దీనిని నిషేధించి, కలిపిన వానికి 200 పౌనులు, ఆ సరకు నమ్మిన మందుల వర్తకునకు 500 పౌనులు జరిమానా విధించెను. 1820లో ఫ్రెడరిక్ ఆకమ్ అను రసాయనశాస్త్రజ్ఞుడు శిక్షపడిన వారి పేర్లతో సహా గ్రంథమున ప్రకటించెను. కలిపినవానికంటె సరఫరా చేసినవానికి శిక్ష హెచ్చుగ నుండుటను పాఠకులు గమనింతురుగాక.

ఆ లండను కథయే నేడు మన కల్లుకుండలో నడచుచున్నది. తాటికల్లు, ఈతకల్లు చెట్టు దిగకమునుపే పులియ నారంభించును. నగరము పెరిగినకొలది చెట్లు దూరమైనవి, త్రాగువారు హెచ్చిరి. ఆ వెలితిని నీటితోను, ఆల్ప్రజోలము పొడితోను, క్లోరల్ హైడ్రేటుతోను నింపు పాపాత్ములు బయలుదేరిరి. ఆల్ప్రజోలము 1985 నాటి మాదకద్రవ్యముల చట్టమున కెక్కిన మందు. 2004లో నగరమందలి కల్లుదుకాణములు మూయబడి, 2014లో మరల తెరువబడినవి. 2015లో నిజామాబాదు, మహబూబ్‌నగరు ప్రాంతములలో కల్తీ నరికట్టగనే, దాని కలవాటుపడినవారు మూర్ఛలతో ఆసుపత్రుల పాలైరి. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీకల్లు త్రాగి పలువురు మరణించిరి. ఎల్.బి. నగర్‌న బయలుదేరి దిల్‌సుఖ్‌నగర్ మీదుగ మియాపూరు చేరు మెట్రోబండి ఆ కూకట్‌పల్లి గుండనే పోవును. అది పరుల యూరని మన మూరకుండరాదు.

దుకాణములు మూయుడని కొందరందురు. మూసిన పదియేండ్లును చూచితిమి. తలుపున తాళము వేసినంతమాత్రమున మందుపొడి తయారగుట ఆగదు. పైగా చెట్టెక్కి ప్రాణమును పణముగ నొడ్డు గీతకార్మికుని నోటికూడు పోవును. త్రాగినవాడు తన కర్మము ననుభవించునని మరికొందరందురు. త్రాగుట యాతని తప్పే యగుగాక. తానెరుగని విషమును మ్రింగుట యాతని తప్పెట్లగును?

మేము కోరునవి నాలుగు. కల్లు ఏ యూరి చెట్లది, ఎన్నడు దింపినది అను సంగతి ప్రతి దుకాణమునను తెలుగున పలకపై వ్రాయవలెను. ఎక్సైజుశాఖవారు నమూనాలు తీసి, పరీక్షాఫలితములను వారమువారము ఆ పలకపైననే ప్రకటింపవలెను. కుండ మోయు కూలివానిని పట్టుటతో తృప్తిపడక, పొడి సరఫరా చేయు వర్తకునకు హెచ్చు శిక్ష వేయవలెను. అలవాటుపడిన వారికి ప్రభుత్వాసుపత్రులలో ఉచిత చికిత్స జరుగవలెను.

పఠనమందిరములలో దీనిని చదువు సోదరులారా! నల్లబీరున ధనియాలను పసిగట్టు నాలుక కొందరికి గలదు. కల్లున కలిసిన విషమును పసిగట్టు నాలుక ఎవ్వరికిని లేదు. ఆ పని ప్రభుత్వము చేయవలసినది, చేయించుకొనవలసినవారము మనము.