మెష్ కొనేముందు గోడలోని ల్యాన్ సాకెట్ చూడండి

2023 వేలంలో ఎకరం 100 కోట్లు దాటి పలికిన కోకాపేటలో అద్దెకుంటున్నా. మెయిన్ డోర్ దగ్గర రూటర్, 300 ఎంబీపీఎస్ ఫైబర్ ప్లాన్. అయినా వర్క్ ఫ్రమ్ హోమ్ రోజున చివరి బెడ్‌రూమ్‌లో వీడియో కాల్ ఆగి ఆగి వస్తుంది. అందరూ మెష్ కొనమన్నారు. దానికి ముందు ల్యాప్‌టాప్‌ని గోడలోని ల్యాన్ సాకెట్‌కు కలిపి చూశా. కాల్ వెంటనే కుదుటపడింది. స్పీడ్ టెస్ట్ మాత్రం 94 దగ్గరే ఆగింది. ఎన్నిసార్లు చూసినా 94.

ఈ అంకె ఊరికే రాదు. ఈథర్నెట్ కేబుల్‌లో 8 తీగలు, అంటే 4 జతలు ఉంటాయి. 100 ఎంబీపీఎస్‌కు 2 జతలు చాలు, గిగాబిట్‌కు నాలుగూ కావాలి. 100 లింక్‌లో ప్యాకెట్ల హెడర్లు పోగా మన చేతికొచ్చేది దాదాపు 94. సాకెట్ విప్పితే అదే కథ: కేబుల్ మంచి క్యాట్ 6, కట్టింది మాత్రం 2 జతలే. మిగతా 4 తీగలు వెనక్కి మడిచేశారు! రెండు చివర్లా ఒకే రంగుల వరుసలో మళ్లీ కట్టించా. 290 దాటింది.

మెష్ చెడ్డదని కాదు. కానీ వైఫైలో ఒక ఛానల్ మీద ఒకసారి ఒకరే మాట్లాడాలి, పైనా కిందా ఫ్లాట్ల రూటర్లతో సహా. 1973లో జెరాక్స్ పార్క్‌లో బాబ్ మెట్‌కాఫ్ మొదలుపెట్టిన ఈథర్నెట్‌దీ ఇదే బాధ. అందరికీ ఒకటే కేబుల్, ఇద్దరు ఒకేసారి పంపితే డేటా ఢీకొనేది. తర్వాత స్విచ్‌లు వచ్చాయి. ఏ మ్యాక్ అడ్రస్ ఏ పోర్ట్‌లో ఉందో స్విచ్ గుర్తుపెట్టుకుని, డేటాను అక్కడికే పంపుతుంది. ప్రతి పోర్ట్‌కూ సొంత దారి, రాకా పోకా ఒకేసారి. ఈ సుఖం వైఫైకి లేదు. మెష్ యూనిట్లు కూడా వైర్ లేకపోతే ఆ గాలినే పంచుకోవాలి. అందుకే ఫోన్లకు వైఫై, కదలని టీవీకీ డెస్క్‌కీ వైర్ అంటాను. మెష్ పెట్టినా వైర్‌తోనే కలపండి.

కొత్తగా కేబుల్ లాగిస్తుంటే తీగ గీకి చూడండి. లోపల తెల్లగా ఉంటే రాగిపూత అల్యూమినియం, వద్దనండి. రూటర్ పోర్ట్ గిగాబిట్టో కాదో కూడా చూసుకోండి. ఫ్లాట్ తాళాలు తీసుకునే రోజు కుళాయిలు తిప్పి చూస్తాం కదా, ల్యాప్‌టాప్ కూడా పట్టుకెళ్లి ప్రతి సాకెట్‌లో లింక్ స్పీడ్ చూడండి.

మా పక్క ఫ్లాట్ ఆయన నిన్న సాకెట్ విప్పారు. అక్కడా 2 జతలే.